30 వేల సిస్టమ్, 42 డిగ్రీల ఎండ

ఏ.ఎస్. రావు నగర్ నుంచి సికిందరాబాద్ పార్క్‌లేన్‌కి దూరం పెద్దగా ఉండదు. సైనిక్‌పురి, నేరేడ్‌మెట్ దాటి, మిలిటరీ గోడల పక్కగా మారేడ్‌పల్లి చేరితే ఊళ్ళోకి వచ్చేసినట్టే. అయితే 2024 మే మొదట్లో, పదకొండు గంటలకే కిటికీ ఊచ ముట్టుకుంటే చురుక్కుమంటున్న సిటీ బస్సులో వెళ్ళినవాణ్ణి కాబట్టి దాన్ని యాత్ర అనే హక్కు నాకుంది. పక్క సీట్లో మా అక్క కొడుకు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. వాళ్ళ నాన్న ఇచ్చిన 30 వేలు జేబులో, రకరకాల కొటేషన్లు ఫోన్లో పెట్టుకుని, కారుతున్న చెమటను కూడా పట్టించుకోకుండా కూర్చున్నాడు.

"గ్రాఫిక్స్ కార్డు లేకుండా గేమింగ్ పీసీ అంటే మా ఫ్రెండ్స్ నవ్వుతారు మామయ్యా."

"నవ్వనీరా. కార్డు కొన్నాక మిగతా సామాను ఏం పెట్టి కొంటావు?"

ఈ వాదన నేరేడ్‌మెట్ దాకా సాగింది. 30 వేలల్లో చెప్పుకోదగ్గ కార్డు కొనాలంటే సగం డబ్బు దానికే పోతుంది. మిగిలిన సగంలో ప్రాసెసరూ బోర్డూ వాటికి కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్సూ అన్నీ సర్దాలంటే, అన్నిట్లోనూ నాసిరకమే దొరుకుతుంది. నా లెక్క వేరు. ఏఎండీ రైజెన్ 5 5600జీ అని ఒక ప్రాసెసర్ ఉంది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, అదే చిప్పులో వేగా గ్రాఫిక్స్ కూడా. 2021లో వచ్చింది, పాతబడింది, అందుకే ధర దిగింది. దాని గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, బోర్డు మీదున్న ర్యామ్‌లోంచే వాడుకుంటుంది. కాబట్టి ర్యామ్ వేగం పెంచితే బొమ్మ వేగమూ పెరుగుతుంది. కార్డు కొనడానికి లేని డబ్బుకు బదులు కొంత వేగాన్ని బోర్డులోని బయాస్ సెట్టింగుల్లోంచి రాబట్టుకోవచ్చు. ఇలా అచ్చేసిన వేగాన్ని దాటించడమే ఓవర్‌క్లాకింగ్. ఆ మాట నా నోట్లోంచి రాగానే మావాడు కార్డు ఊసు వదిలేశాడు. ఈ వయసు పిల్లలకు ఆ మాట వింటే కళ్ళు మెరుస్తాయి. నలభై అయిదు దాటిన నాకూ మెరుస్తాయనుకోండి.

పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని పూర్తిపేరుతో పిలిచేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ప్యారడైజ్ మెట్రో స్టేషన్‌కి నడిచివెళ్ళేంత దగ్గర. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు తిరగాల్సిన వరండాలు, కప్పుదాకా పేర్చిన డబ్బాలు, ప్రింటర్ ఇంకు మరకలు, ల్యాప్‌టాప్ విప్పి భూతద్దంతో చూస్తున్న కుర్రాళ్ళు. ఆన్‌లైన్ దుకాణాలు వచ్చాక ఇక్కడ జనం పలచబడతారని అందరూ అనుకున్నాం. కొంత పలచబడ్డారు కూడా. కానీ డబ్బా విప్పి చూపించి, స్టిక్కర్ మీద నంబరు చదవనిచ్చి, రేపు పాడైతే ఎవరి మొహం చూడాలో తెలిసే బజారు ఇంకొకటి లేదు.

ఇక్కడ బేరం నోటితో జరగదు. ధర అడిగితే దుకాణదారు క్యాలిక్యులేటర్ మీద అంకె కొట్టి మనవైపు తిప్పుతాడు. పక్కనున్న గిరాకీకి వినపడకూడదు కదా. మనం తల అడ్డంగా ఊపాలి. అతను తీసుకుని ఇంకో అంకె కొడతాడు. మావాడు మొదటి అంకెకే తల నిలువుగా ఊపబోతే మోచేత్తో పొడిచాను.

"అన్నా, ట్రే ప్రాసెసర్ తీస్కోండి, రెండు వేలు తక్కువ పడ్తది" అన్నాడు ఒక కుర్రాడు.

ట్రే అంటే డబ్బా లేకుండా విడిగా వచ్చే చిప్పు. డబ్బాలో వచ్చేదానికి కంపెనీ మూడేళ్ళ వారంటీ ఇస్తుంది, కూలర్ కూడా అందులోనే ఉంటుంది. ట్రే చిప్పుకి వారంటీ అంటే ఆ కుర్రాడి మాటే. డబ్బాదే కావాలన్నాను, సీరియల్ నంబరు వేసి జీఎస్టీ బిల్లు కూడా కావాలన్నాను. ఓవర్‌క్లాక్ చేసి కాల్చుకుంటే ఆ వారంటీ వర్తించదని కంపెనీ షరతుల్లోనే ఉంటుంది. ఆ సంగతి మావాడికి అక్కడే చెప్పాను, తరవాత చెప్పలేదంటాడేమోనని.

మదర్‌బోర్డు దగ్గర ఎక్కువసేపు పట్టింది. ఏఎండీలో ఏ320, ఏ520 చిప్‌సెట్ల మీద ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేయనివ్వరు. బీ450, బీ550 మీద చేయనిస్తారు. ఇంటెల్ వైపు వెళ్ళామా, పేరు చివర కే ఉన్న ప్రాసెసరూ, జెడ్ రకం బోర్డూ కొనాలి. అవి మన బడ్జెట్ వీధిలోకే రావు. మా జేబుకి బీ450 సరిపోతుంది. అయితే ఈ చిప్‌సెట్ 2018 నాటిది, ప్రాసెసరేమో 2021 నాటిది. బోర్డు గోడౌన్‌లో పాత బయాస్‌తో నిద్రపోయి ఉంటే కొత్త ప్రాసెసర్‌ని గుర్తే పట్టదు, తెర మీద బొమ్మే రాదు. డబ్బా మీద "రైజెన్ 5000 రెడీ" అన్న స్టిక్కర్ ఉందో లేదో చూడాలి. మొదటి దుకాణంలో స్టిక్కర్ లేదు. "వస్తది సార్, గ్యారంటీ" అన్నారు. నమస్కారం పెట్టి పక్క దుకాణానికి నడిచాం.

ర్యామ్‌లో 16 జీబీ స్టిక్ ఒకటి కొనడం కంటే 8 జీబీవి రెండు కొనాలి. రెండుంటే ప్రాసెసర్ రెండు దారుల్లోంచి ఒకేసారి డేటా తెచ్చుకుంటుంది. విడి గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో ఇది తప్పనిసరి. డీడీఆర్4, 3200 వేగం, సీఎల్ 16 రకం దొరికింది. ఎస్‌ఎంపీఎస్ విషయంలో మాత్రం మావాడి మాట చెల్లనివ్వలేదు. వాడికి 500 వాట్లని పెద్ద అక్షరాలతో అచ్చేసిన ఊరూపేరూ లేనిది చవగ్గా నచ్చింది. దాన్నీ, 80 ప్లస్ ముద్ర ఉన్న 450 వాట్లదాన్నీ రెండు చేతుల్లో పెట్టి తూకం చూసుకోమన్నాను. రాగీ ఇనుమూ లోపల ఎంతున్నాయో చెయ్యే చెప్తుంది. 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, గాలి ఆడే జాలీ ముందున్న క్యాబినెట్ ఒకటి. రంగురంగుల ఆర్‌జీబీ ఫ్యాన్లకి వెయ్యి ఎక్కువ పెడతానన్నాడు. ఆ వెయ్యి దాచిపెట్టు, కూలర్‌కి కావాల్సొస్తుందన్నాను. మానిటరూ కీబోర్డూ ఇంట్లో ఉన్నాయి కాబట్టి లెక్క 30 లోపలే తేలింది.

క్యాబినెట్‌తో బస్సెక్కలేక ఆటో మాట్లాడాం. "టీవీయా సార్?" అన్నాడు డ్రైవర్ డబ్బా చూసి. కంప్యూటరన్నాక, "రెడీమేడ్ దొరకదా?" అన్నాడు. మంచి ప్రశ్నే. దొరుకుతుంది. ఆ డబ్బాలో మూల పడేసినట్టు ఒకే ర్యామ్ స్టిక్కూ, సెట్టింగులన్నీ తాళం వేసిన బయాసూ, మార్చడానికి వీల్లేని ఎస్‌ఎంపీఎస్సూ ఉంటాయి. ఆటో సైనిక్‌పురి చేరేదాకా మావాడు అతనికి ఇదంతా వివరించాడు. పాపం, అతను ఓపిగ్గా విన్నాడు.

మా కాలనీ గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి, ఎందుకంటే మిగతా కథంతా మా నాన్న డైనింగ్ టేబుల్ మీద జరిగింది. అయ్యగారి సాంబశివరావుగారిది పశ్చిమ గోదావరిలోని మోగల్లు. 1914లో పుట్టారు. ట్రాంబే అణుకేంద్రంలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని పెంచి పెద్దచేసి, 1967లో హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టారు. ఆ సంస్థ ఉద్యోగులు ఇళ్ళు కట్టుకున్న కాలనీకి ఆయన పేరే పెట్టుకున్నారు. దేశంలో తయారైన తొలితరం కంప్యూటర్లలో ఒకటైన టీడీసీ-12, అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, 1969లో విక్రమ్ సారాభాయ్ చేతుల మీదుగా మొదలైంది. దాన్ని తయారుచేసి అమ్మే పని ఈసీఐఎల్‌ది. 70ల్లో టీడీసీ-312, 316 వచ్చాయి. మా నాన్న ఆ రోజుల్లో టెస్టింగ్‌లో చేరారు. ఈ వీధుల్లో పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం నడిచే ముసలాయన ఒకప్పుడు కంప్యూటర్‌కి సోల్డరింగ్ చేసి ఉండొచ్చు. ఇప్పుడు అదే రోడ్డు మీద పిజ్జా దుకాణాలూ బట్టల షోరూములూ నిండిపోయాయి. ఆ పాత తరం వాళ్ళు తలుపు తీసి చెప్తే తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు.

టేబుల్ మీద పాత దుప్పటి పరిచాం. నాన్న కళ్ళజోడు మార్చుకుని కుర్చీ లాక్కున్నారు. బోర్డు తీసే ముందు ఇనప బీరువా ముట్టుకోమని మనవడికి చెప్పారు, ఒంట్లో స్టాటిక్ ఉంటే పోతుందని. మేలో ఈ పొడి గాలికి అది ఉత్తి చాదస్తమేం కాదు.

ఏఎం4 ప్రాసెసర్‌కి అడుగున 1,331 సూదులుంటాయి. మూల మీదున్న బంగారు త్రికోణాన్ని సాకెట్ మీద గుర్తుకి సరిపెట్టి, మీటను పైకెత్తి, ఊరికే వదిలితే కూర్చోవాలి. నొక్కామా, సూది వంగిందన్నమాటే. మావాడు ఊపిరి బిగబట్టి వదిలాడు. కూర్చుంది. కూలర్ బిగించేటప్పుడు ఆగాడు. డబ్బాలో వచ్చిన కూలర్ స్క్రూలతో బిగిస్తారు, బోర్డుకి ముందే ఉన్న ప్లాస్టిక్ కొక్కేలు విప్పేయాలి. విప్పేటప్పుడు వెనకున్న ఇనప పలక జారిపోకుండా పట్టుకోవాలి. స్క్రూలు ఒక మూల, తరవాత దాని ఎదురు మూల. ఇది ఎవరూ చెప్పకుండానే నాన్న వేళ్ళకు తెలిసిపోయింది.

ర్యామ్ స్టిక్ చేతిలోకి తీసుకుని నాన్న అటూఇటూ తిప్పారు. "రెండూ కలిపి ఎంతరా?"

"16 జీబీ తాతయ్యా."

ఆయన కాలంలో మెమరీ అంటే ఆవగింజంత ఫెర్రైట్ ఉంగరాలు. ఒక్కో ఉంగరం ఒక్కో బిట్. సన్నటి తీగల్ని చేత్తో దూర్చి వలలా అల్లేవారు. 16 జీబీకి ఎన్ని ఉంగరాలు కావాలో మనవడు ఫోన్లో లెక్కేశాడు. పదమూడు వేల ఏడువందల కోట్ల పైచిలుకు. నాన్న ఒక్క క్షణం ఆలోచించి, "అన్ని దూర్చడానికి కుషాయిగూడ మొత్తం సరిపోదు" అన్నారు.

స్విచ్ వేశాక మొదటిసారే బొమ్మ వచ్చింది. అంతకంటే పెద్ద విశేషం క్యాబినెట్ అంచు ముట్టుకుంటే తెలిసింది. చెయ్యి జివ్వుమంది. మావాడు ఎస్‌ఎంపీఎస్సే చెడ్డదనుకున్నాడు. కాదు. దాంట్లో కరెంటు గోలను వడకట్టే చిన్న కెపాసిటర్లు లైనుకీ ఎర్త్‌కీ మధ్య ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ కొద్ది కరెంటూ భూమిలోకి దిగిపోతుంది. లేకపోతే ఇనప డబ్బా మీదే నిలబడి, మన వేలి కోసం ఎదురు చూస్తుంది. నాన్న టెస్టర్ పెట్టి చూసి, ఏమీ మాట్లాడకుండా పెరట్లోకి వెళ్ళారు. ఇల్లు కట్టినప్పుడు గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, పైపు దింపిన ఎర్త్ పిట్ అక్కడుంది. ఎండకు మట్టి పగిలి ఎముకలా ఎండిపోయింది. రెండు బకెట్ల నీళ్ళు పైపులోకి వంచారు. ఒకటి రెండు రోజులు రోజూ పోశాక ఆ జివ్వుమనడం పోయింది. వీడియోల్లో నేర్చుకున్న వాడెవడూ ఓవర్‌క్లాకింగ్‌కి ముందు పెరట్లో ఎర్త్‌కి నీళ్ళు పోయమని చెప్పడు. ఈ ఊళ్ళో పాత ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకి అదే మొదటి సెట్టింగ్.

నేను మొదట ఓవర్‌క్లాక్ చేసింది 1999లో, ఇదే ఇంట్లో. అప్పుడు ఇంటెల్ సెలెరాన్ 300ఏ అని ఒకటుండేది. 66 మెగాహెర్ట్జ్ బస్సు మీద, నాలుగున్నర రెట్లతో 300కి నడిచేది. బస్సును 100కి మారిస్తే అదే నాలుగున్నర రెట్లతో 450 అయ్యేది. అప్పట్లో 450 మెగాహెర్ట్జ్ పెంటియమ్-2 కొనాలంటే మధ్యతరగతి ఇంట్లో ఎవరూ ఆ మాటే ఎత్తేవారు కాదు. చవక చిప్పు అంత పైకి ఎలా వెళ్ళిందంటే, ఫ్యాక్టరీలో తయారైనవి చాలావరకు మంచివే. బజార్లో చవక సరుకు కావాలి కాబట్టి మంచిదాన్నే తక్కువ అంకెతో అమ్మారు. ఆ తేడా కొన్నవాడికి దక్కింది.

ఇప్పుడు అంత తేడా వదిలిపెట్టరు. రైజెన్ తనంతట తానే వేడీ కరెంటూ చూసుకుంటూ, వీలున్నప్పుడల్లా 4.4 గిగాహెర్ట్జ్ దాకా ఎగబాకుతుంది. ఓవర్‌క్లాకింగ్‌లో సగం పని ఫ్యాక్టరీయే చేసేసి, అందుకు డబ్బు మనదగ్గరే వసూలు చేసింది. ప్రపంచ రికార్డుల కోసం ద్రవ నైట్రోజన్ పోసి 9 గిగాహెర్ట్జ్ దాటించేవాళ్ళున్నారు. అది సర్కస్. చూడ్డానికి బావుంటుంది, మరుసటి రోజు ఆ సిస్టమ్ మీద అసైన్‌మెంట్ టైప్ చేసుకోలేం. 5600జీలో మనకు మిగిల్చినవి రెండే చోట్లు. ఒకటి ర్యామ్, రెండోది 1900 మెగాహెర్ట్జ్ దగ్గర కట్టేసిన వేగా గ్రాఫిక్స్.

3200 అని రాసి ఉన్న ర్యామ్ తొలిసారి పెట్టినప్పుడు 3200లో నడవదు. జాగ్రత్త కోసం బోర్డు దాన్ని తక్కువలోనే లేపుతుంది. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ అన్న ఒక్క వరస ఆన్ చేస్తే 1.35 వోల్టులతో అచ్చేసిన వేగానికి వస్తుంది. ఎంతమంది ఇళ్ళల్లో ఆ వరస ఆఫ్‌లోనే ఉండి, కొన్న వేగం కొన్నట్టే పడి ఉంటుందో.

అక్కడినుంచి 3600. దాంతోపాటు ప్రాసెసర్ లోపలి ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ 1800కి రావాలి. రెండూ జోడీగా నడిస్తేనే లాభం. సీఎల్ 16 దగ్గర లేవలేదు, 18కి వదులు చేశాం, లేచింది. మావాడికి ఆశ ఆగలేదు, 3800 అన్నాడు. తెర నల్లబడింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బొమ్మ లేదు. వాడి మొహంలో నెత్తురు లేదు. ఇలాంటప్పుడు ప్లగ్గు పీకి, బోర్డు మీద రూపాయి బిళ్ళలా ఉండే సెల్ పక్కనున్న రెండు సూదుల్ని స్క్రూడ్రైవర్‌తో కాసేపు తాకిస్తే బయాస్ పాతవన్నీ మరిచిపోతుంది. మరిచిపోయింది. బొమ్మ తిరిగొచ్చింది. రెండో ప్రయత్నంలో వోల్టేజీ 1.4 ఇస్తే 3800 కూడా లేచింది. మెమ్‌టెస్ట్ పెట్టి పడుకున్నాం. పొద్దున లేచేసరికి ఒక్క తప్పూ లేదు.

వాడు అప్పుడే ఫ్రెండ్స్‌కి ఫోటో పంపేశాడు. నాన్న కాఫీ తాగుతూ అడిగారు. "రాత్రి గదిలో ఎంతుంది?"

"ముప్పై ఒకటో ముప్పై రెండో తాతయ్యా."

"మధ్యాహ్నం మూడింటికి పెట్టు. గదిలో ఎయిర్ కూలర్ ఆపెయ్. ఫ్యాన్ ఒక్కటే వేసుకో."

బయట 42 డిగ్రీలు. పైఅంతస్తు గదిలో 38. మూడింటికి మొదలుపెట్టిన పరీక్ష అరగంటలోపే ఎర్ర వరసలు చూపించింది. ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక చిట్టి కెపాసిటర్. దాంట్లో నింపిన ఛార్జ్ కారిపోతూనే ఉంటుంది కాబట్టి 64 మిల్లీసెకన్లకోసారి తిరిగి నింపాలి. వేడెక్కేకొద్దీ కారడం ఎక్కువవుతుంది. చిప్పు 85 డిగ్రీలు దాటితే ఆ గడువును సగానికి దించమని తయారీ ప్రమాణాల్లోనే ఉంది. మాది అంత వేడెక్కలేదు. కానీ 3800 దగ్గర అసలు సందే లేదు కాబట్టి, కొద్ది వేడికే జారిపోయింది.

నాన్నకిది కొత్త కాదు. కోర్ మెమరీ బోర్డు చేతికొస్తే వాళ్ళు మొదట చేసే పని అది చెడిపోయేదాకా తీసుకెళ్ళడమేనట. ఉంగరాలకిచ్చే కరెంటును కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోవాలి, ఒకచోట తప్పు చదువుతుంది. మళ్ళీ పెంచుకుంటూ పోవాలి, ఇంకోచోట తప్పు చదువుతుంది. గ్రాఫ్ కాగితం మీద ఆ రెండు అంచుల్నీ గీసి, నడిమధ్యలో నిలబెట్టేవారు. తరవాత బోర్డును వేడి పెట్టెలో పెట్టి మళ్ళీ అదే పరీక్ష. వేడికి రెండంచులూ దగ్గరకు జరుగుతాయి. "మేం అంచెక్కడుందో వెతికేది దానికి దూరంగా ఉండడానికి. మీరు అక్కడే కాపురం పెడతామంటారు" అన్నారు. మనవడు నవ్వాడు గానీ వాదించలేదు. ర్యామ్ మళ్ళీ 3600కి దిగింది. ఆ రోజు నుంచి పరీక్షలన్నీ మధ్యాహ్నం మూడింటికే.

ఆ వారంలోనే ఓ సాయంత్రం గాలివాన. వేపకొమ్మలు తీగల మీద పడి కాలనీలో చాలాసేపు కరెంటు లేదు. మెమరీ ఇంకాస్త కుదురుగా నడుస్తుందని బయాస్ కొత్తది వేద్దామనుకున్న రోజే అది. బయాస్ సగం రాస్తుండగా కరెంటు పోతే బోర్డు అటకెక్కుతుంది. మర్నాడు పొద్దున, యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో ముందు బల్బు పెట్టి చూసి, అప్పుడు రాశాం.

గ్రాఫిక్స్‌ను 1900 నుంచి వంద చొప్పున పెంచుకుంటూ పోయి 2200 దగ్గర ఆగాం. ఆపై వోల్టేజీ అడుగుతోంది. వోల్టేజీ విషయంలో నేను పిసినారిని. చిప్పు కాల్చే పవర్ వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీకైతే వర్గంలో పెరుగుతుంది. 1.2 వోల్టుల్ని 1.3 చేస్తే వేగం ఒక్క మెగాహెర్ట్జ్ పెరగకపోయినా వేడి పదిహేడు శాతం ఎక్కువ. లండన్‌లోనో సియాటిల్‌లోనో కూర్చున్న మనవాళ్ళు ఆ పదిహేడు శాతాన్ని కిటికీ తెరిచి వదిలించుకోగలరు. మేలో ఇక్కడ కిటికీ తెరిస్తే వేడి లోపలికొస్తుంది. అందుకే ప్రాసెసర్ కోర్లకు మేం ఉల్టా చేశాం. వోల్టేజీని 0.05 తగ్గించాం. వేగం అలాగే ఉంది, వేడి కొన్ని డిగ్రీలు తగ్గింది. నన్నడిగితే హైదరాబాదు ఎండాకాలంలో ఇది ఓవర్‌క్లాకింగ్ కంటే గొప్ప విద్య.

అయినా డబ్బాలో వచ్చిన చిన్న కూలర్ మధ్యాహ్నం పరీక్షలో 90 దాటించేది. ఆ ప్రాసెసర్ హద్దు 95. ఆర్‌జీబీకి పెట్టనివ్వని వెయ్యికి ఇంకొంచెం కలిపి, ఎత్తుగా నిలబడే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ కూలర్ తెచ్చాం. ఈసారి ప్రయాణం వాడొక్కడే చేశాడు. క్యాలిక్యులేటర్ మీద రెండుసార్లు తల అడ్డంగా ఊపానని గర్వంగా చెప్పాడు. కూలర్‌తో పాటు వచ్చిన పేస్టు బఠాణీ గింజంత వేసి బిగించాం. మూడింటి పరీక్షలో వేడి 80 లోపే ఆగింది.

మధ్యలో మే 13న లోక్‌సభ పోలింగ్ వచ్చింది. మల్కాజ్‌గిరిలో వాడికది మొదటి ఓటు. వరసలో నిలబడి, ఓటింగ్ యంత్రాలు ఈసీఐఎల్, బెంగళూరు బీఈఎల్ తప్ప మూడోవాళ్ళు చేయరని తాతయ్య చెప్తుంటే విన్నాడు. అందులోని ప్రోగ్రామ్ ఒకసారే రాస్తారు, మళ్ళీ మార్చడానికి వీలుండదు. "దాన్ని ఓవర్‌క్లాక్ చేయలేమన్నమాట" అన్నాడు చూపుడువేలి సిరా చూసుకుంటూ. నాన్నకు ఆ హాస్యం నచ్చలేదు.

చివరికి తేలినవి ఇవీ. జీటీఏ ఫైవ్ ఆటను ఫుల్ హెచ్‌డీలో పెట్టి, ఊరికే తెలుసుకుందామని ఒక స్టిక్ పీకేసి నడిపితే సెకనుకి ఫ్రేములు 30ల్లో కుంటాయి. రెండు స్టిక్కులూ పెట్టి 3200 చేస్తే 50 దాటాయి. ర్యామ్ 3600, గ్రాఫిక్స్ 2200 చేశాక 60 అటూఇటూ. అంటే మా రాత్రుళ్ళూ మధ్యాహ్నాలూ కలిసి తెచ్చినదానికంటే, సీటీసీలో ఒకటి బదులు రెండు కొనడం తెచ్చింది ఎక్కువ. ఈ మాట మావాడితో అంటే ఒప్పుకోలేదు. 50కీ 60కీ తేడా కంటితో చూస్తే తెలుస్తుందన్నాడు. నిజమే, తెలుస్తుంది. ఆటలో బండి మలుపు తిరిగేటప్పుడు బొమ్మ పట్టేసినట్టు ఆగేది, ఇప్పుడు ఆగట్లేదు.

నాన్న తమ పాత అలవాటు ప్రకారం ఒక తెల్లకాగితం మీద అన్నీ రాశారు. ర్యామ్ 3600, సీఎల్ 18, 1.38 వోల్టులు. గ్రాఫిక్స్ 2200. కోర్లు మైనస్ 0.05. గది వేడి 38. తేదీ వేసి, సంతకం పెట్టి, క్యాబినెట్ పక్క రేకు లోపల టేపుతో అంటించారు. ఆ కాగితం ఫోటో కాలేజీలో తిరిగి, ఇప్పుడు వాడి స్నేహితులు కొటేషన్లు నాకు పంపుతున్నారు. దాదాపు అందరిదీ ఒకే జబ్బు, ఎస్‌ఎంపీఎస్ దగ్గర డబ్బు మిగిల్చి లైట్లకి పెట్టడం.

డిసెంబర్‌లో మావాడు మళ్ళీ 3733 ఎత్తాడు. చలికి పైగది 20 దగ్గరుంది, మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిచి తప్పు లేకుండా తేలింది. కాగితం మీద అంకె మారుస్తానని పెన్ను పట్టుకుని తాతయ్య దగ్గరకెళ్ళాడు. ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా, "పెన్సిల్‌తో రాసుకో. మేలో చూద్దాం" అన్నారు.